పటము నుండి పుటకు: చిత్రకథాపఠనమున కొక క్రమము

గ్రాఫిక్ నవలలు, కామిక్ సంపుటములు అను పేళ్లతో నేడు విరివిగా వెలువడుచున్న చిత్రకథలలో వేనిని చదువవలయును, వేనిని విద్యార్థులచే చదివింపవలయును అను ప్రశ్న తెలుగుశాఖలకు కొత్తది. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో తెలుగు బోధించు మిత్రులు కొందఱు ఈ ప్రశ్నను మాయెదుట నుంచిరి. వారు కోరినది ఒక పట్టిక మాత్రమే. కాని పట్టిక నిచ్చుటకు పూర్వము ఒక ప్రమాణము వలయును. దానిని పాశ్చాత్య విమర్శకులనుండి యెరవు తెచ్చుకొనవచ్చును. అట్లు గాక, మన నేలమీదనే దాదాపు నాలుగువందల యేండ్లు నడచిన చిత్రకథాసంప్రదాయమునుండి గ్రహించుట సాధ్యమా యని పరిశీలించి, పిమ్మట పట్టిక నిచ్చుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఈ పరిశీలనకు మేడ్చల్ తగిన తావు. మేడ్చల్ తాలూకా 1978 వరకు హైదరాబాదు జిల్లాలోను, పిమ్మట రంగారెడ్డి జిల్లాలోను ఉండి, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా యేర్పడినప్పుడు ఆ జిల్లాకు తన పేరు నిచ్చినది. సికింద్రాబాదు నుండి బయలుదేరిన రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగనే సిద్దిపేటకు పోవును. ఆ సిద్దిపేట జిల్లాలోనిదే, 2016కు పూర్వము వరంగల్లు జిల్లాలోనిదైన చేర్యాల. తెలంగాణపు పటచిత్రములకు నేడు లోకమున వాడుకలో నున్న పేరు ఆ యూరిదే. చేర్యాల నకాశీ చిత్రకారులలో ప్రసిద్ధుడైన డి. వైకుంఠం కుటుంబము స్వగ్రామమును వీడి బోడుప్పల్‌లో స్థిరపడినది. బోడుప్పల్ మేడ్చల్ జిల్లాలోనిదే. కనుక మేడ్చల్ విద్యార్థి తొలి చిత్రకథను చూడదలచినచో విదేశ గ్రంథాలయముల సూచికలను వెదకనక్కఱలేదు. తన జిల్లాలోనే కుంచె పట్టిన చేతులు కలవు.

1. పటము, కథకుడు

చిత్రమును చూపి కథ చెప్పుట భారతదేశమున ప్రాచీనమైన వృత్తి. విశాఖదత్తుని ముద్రారాక్షసమున చాణక్యుని చారుడు యమపటమును చేతబట్టి పాటలు పాడుచు ఇంటింట దిరుగును. బాణభట్టు హర్షచరితమునందును యమపటమును చూపువాని ప్రసక్తి గలదు. తెలుగున క్రీడాభిరామము ఓరుగంటి మాచల్దేవి చిత్రశాలను పేర్కొనినది. లేపాక్షి వీరభద్రాలయమున 16వ శతాబ్దిలో వేసిన చిత్రములలో కిరాతార్జునీయకథ వరుసగా నడచినది. ఇవి యన్నియు చిత్రమును చదువుట యను నలవాటు మనవారికి కొత్త గాదనుటకు నిదర్శనములు.

వీనిలో తెలంగాణపు పటము విశిష్టమైనది. హైదరాబాదులో 1976లో నెలకొల్పబడిన జగదీశ్, కమలా మిట్టల్ కళాసంగ్రహాలయమునందు పద్మశాలీయుల మూలపురుషుడైన భావనాఋషి కథను చిత్రించిన పటమొకటి గలదు. దానిని 1625 నాటిదిగా పరిశోధకులు గుర్తించిరి. మనకు లభ్యమైన తెలంగాణ పటములలో ప్రాచీనతమముగా పరిగణింపబడుచున్నది అదియే.

పటనిర్మాణము శ్రమతో గూడినది. ముతక నూలుగుడ్డకు చింతగింజల అంబలిని, గంజిని, సుద్దమట్టిని, జిగురును కలిపి పూతమీద పూతగా పట్టించి యారవేయుదురు. అట్లు బిగిసిన గుడ్డపై కుంచెతో రేఖలు దిద్ది రంగులు నింపుదురు. నేపథ్యము తఱచు ఎఱ్ఱనిది. పటము వెడల్పు సుమారు మూడడుగులు. పొడవు ముప్పది యడుగులను మించుటయు గలదు. ఆ పొడవు నంతయు అడ్డగీతలతోను పూలబద్దెలతోను గడులుగా విభజించి, ఆదియందు గణపతిని నిలిపి, కథను వరుసగా నడపుదురు. ఒక గడినుండి మఱియొక గడికి పోవుటయే కథాగమనము. నేటి కామిక్ పుటయందలి గడులకును దీనికిని గల పోలిక చూచువారికి వెంటనే తట్టును.

అయితే పటమును వేయించుకొనువారు ప్రేక్షకులు కారు, కథకులు. ఒక్కొక్క కులమునకు ఆశ్రితులైన కథకులు వేఱువేఱుగ నుందురు. కూనపులివారు పద్మశాలీయులకు మార్కండేయపురాణమును, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవులకథను, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును చెప్పుదురు. పటమును నిలువుగా వ్రేలాడదీసి, చుట్టను విప్పుచు, కఱ్ఱతో గడిని చూపుచు, పాటయు మాటయు కలిపి రాత్రుల తరబడి కథ నడుపుట వారి పద్ధతి. పటము చిరిగి పనికిమాలినప్పుడు దానిని పారవేయక, పూజ చేసి నీటిలో విడుచు ఆచారము గలదు. పాతపటములు మనకు అరుదుగా దొరకుటకు ఇదియు నొక కారణము.

పటము ఒంటరిగ నున్నప్పుడు మూగది. మార్కండేయపురాణము నెఱుగనివాడు ఆ ఎఱ్ఱని గుడ్డను ఎంతసేపు చూచినను వానికి రంగులును ఆకృతులును తప్ప కథ దొరకదు. కథకుడు కఱ్ఱతో తాకిన క్షణముననే గడి కదలును. ఇట్లే కథకునికి పటము లేనిచో, ఎవరు ఎచట నిలిచిరి, ఏ వేషమున నుండిరి, ఎవరి చేతిలో నేమున్నది అను వివరములన్నియు మాటలతో చెప్పవలసివచ్చి కథ బరువెక్కును. పటము చెప్పినదానిని కథకుడు మరల చెప్పడు. కథకుడు చెప్పుదానిని పటము చూపబోదు. ఈ పనిపంపకమే చిత్రకథకు ప్రాణమని మేము తలంచుచున్నాము.

2. మూడు ప్రశ్నలు

పటమునుండి పుస్తకమునకు వచ్చునప్పుడు ఒక పెద్ద మార్పు జరుగును. కఱ్ఱ పట్టుకొని ప్రక్కన నిలిచినవాడు పుస్తకమున నుండడు. అతడు చేయు పనులన్నిటిని పుటయే చేయవలయును. ఏ గడిని ముందు చూడవలయునో అమరికయే తెలుపవలయును. ఎచట ఆగవలయునో గడి పరిమాణమే సూచింపవలయును. స్వరభేదములను అక్షరముల తీరును, మాటలను చుట్టిన బుడగల ఆకారమును పట్టి యియ్యవలయును. చిత్రకథా రచయిత యనగా కథకుని చిత్రములోనికి చేర్చుకొన్నవాడు.

దీనినిబట్టి ఏ చిత్రకథనైనను చేతికి తీసికొన్నప్పుడు పాఠకుడు మూడు ప్రశ్నలు వేయవచ్చును. మొదటిది: బొమ్మలను తీసివేసి మాటలను మాత్రము చదివినచో కథ చెడకుండ నిలుచునా? నిలిచినచో అది సచిత్రరచన యగునుగాని చిత్రకథ కాదు. రెండవది: గడికిని గడికిని నడుమ విడిచిన ఖాళీలో ఏమి జరిగినది? దానిని పాఠకుడు పూరించుకొనుటకు చోటున్నదా, లేక గ్రంథకర్త అంతయు నోటబెట్టినాడా? మూడవది: ఈ కథ ఎవరిది, ఎవరియెదుట చెప్పబడుచున్నది? పటమునందు ఈ మూడవ ప్రశ్నకు జవాబు తేటతెల్లము. డక్కలి కథకుని జాంబపురాణమున ఆదిజాంబవుడు సృష్టికే పెద్ద. ఊరు వెలివేసినవారికి ఆ పటము ఊరికంటె ముందున్న వంశమును చూపినది. అచ్చుపుస్తకమున ఈ జవాబు మఱుగుపడును. కనుకనే అడుగవలయును.

3. అచ్చుయుగము

తెలుగునాట అచ్చులో చిత్రమునకు స్వతంత్రమైన భాష నిచ్చినవారిలో వ్యంగ్యచిత్రకారులు మొదటివారు. భారతి పత్రికలో తలిశెట్టి రామారావుగారు గీసిన వ్యంగ్యచిత్రములనుండి ఆ చరిత్రను లెక్కించుట పరిపాటి. ఒక్క గడిలో ఒక సంఘటనను, దాని వెనుకటి సమాజమును ఇముడ్చుట తెలుగు పాఠకునికి ఆ దారిని అలవడినది.

1947 జూలైలో చక్రపాణి, బి. నాగిరెడ్డిగార్లు మద్రాసునుండి ప్రారంభించిన చందమామ తరువాతి ఘట్టము. 1952 నుండి 1980 వరకు దాని సంపాదకత్వమును నిర్వహించిన కొడవటిగంటి కుటుంబరావుగారు అనవసరమైన మాటకు తావియ్యని వచనమును ఆ పత్రికకు అలవరచిరి. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య, ఎం. టి. వి. ఆచార్య మున్నగువారు దానికి రూపము నిచ్చిరి. దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలను తలచుకొన్నప్పుడు చిత్రా గీసిన రాక్షసులును కోటలును కూడ తలపునకు వచ్చుట పెక్కుమందికి అనుభవమే. విక్రమార్కుడు భేతాళుని భుజమున వేసికొని నడచు చిత్రము శంకర్‌గారిది. 2020లో మరణించిన ఆయనకు మరుసటి యేట పద్మశ్రీ లభించినది. చందమామ ముద్రణ 2013 నాటికి నిలిచిపోయినది.

మొదటి ప్రశ్న వేసినచో చందమామ సచిత్రరచన యగునే కాని చిత్రకథ కాజాలదు. బొమ్మలు తీసినను కుటుంబరావుగారి వాక్యము నిలుచును. అయినను పఠనక్రమమున దానికి స్థానము తప్పదు. రెండు మూడు తరముల తెలుగువారు పుటలో చిత్రమునకును అక్షరమునకును నడుమ చూపును త్రిప్పుట దానివలననే నేర్చిరి. ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగు 1950లలో బాపుగారి రేఖలతో కూడి వెలువడినప్పుడు ఈ బంధము మఱింత బిగిసినది. బుడుగు మాటలను రమణగారు వ్రాసిరి. కాని ఆ పిల్లవాని నిలుచు తీరు, చూచు తీరు బాపుగారివి. ఒకరి పనిని ఇంకొకరు మరల చేయలేదు.

నిజమైన చిత్రకథను తెలుగువారిలో తొలినాటనే చేపట్టినవారిలో బుజ్జాయిగారు ముఖ్యులు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి కుమారుడైన సుబ్బరాయశాస్త్రిగారే బుజ్జాయి. ఆయన సృష్టించిన డుంబు తెలుగు పత్రికాపాఠకులకు గడులవరుసలో నడచు పాత్రను పరిచయము చేసినది. 1960లలో ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో ఆయన గీసిన పంచతంత్రకథలు తెలుగు చిత్రకారుని గడులను దేశమంతటికి చేర్చినవి. మహాకవి కుమారుడు మాటను గాక గీతను ఎన్నుకొనుట మన సాహిత్యచరిత్రలలో ఒక వాక్యమునకైనను నోచుకొనకపోవుట విచారింపదగిన విషయము. తండ్రితోడి జీవితమును గుఱించి ఆయన వ్రాసిన 'నాన్న-నేను'ను కృష్ణశాస్త్రి కవిత్వమునకు ఉపపఠనముగా చదివిన విద్యార్థి ఆయన బొమ్మలకడకును పోవలయును.

1967లో అనంత పాయ్‌గారి సంపాదకత్వమున ఆరంభమైన అమర చిత్రకథ ఈ చరిత్రలో వేఱొక మలుపు. ఆ మాలలో తొలి పది సంఖ్యలు పాశ్చాత్య బాలకథలే. పదునొకండవదైన 'కృష్ణ'తో భారతీయ వస్తువు ప్రవేశించినది. తెనాలి రామకృష్ణుడును కృష్ణదేవరాయలును ఆ మాలలో చోటు చేసికొనిరి. దాని వ్యాప్తిని కాదనువారు లేరు. తెలుగులోను అది చదువబడినది. కాని మన ప్రశ్నలకు అది నిలుచుట కష్టము. ఆ పుటలలో పెక్కింట వ్యాఖ్య చెప్పినదానినే బొమ్మ చూపును, బొమ్మ చూపినదానినే బుడగ పలుకును. నడిమి ఖాళీలో పాఠకునికి పని లేదు. మూడవ ప్రశ్న మఱింత కఠినమైనది. నాయకులకు తెల్లని మేనిచాయను, రాక్షసులకు నల్లని చాయను వాడుటను, రాజులును భక్తులును ఉన్నంతగా శ్రమజీవులు లేకుండుటను విమర్శకులు ఎత్తిచూపిరి. డక్కలి పటమున మూలపురుషుడైనవానికి ఈ మాలలో స్థానమేదని అడుగుటకు మనకును హక్కు గలదు. అందుచేత అమర చిత్రకథను చదువవలదని మేము చెప్పము. పటముతో సరిపోల్చుచు చదువవలయునని మాత్రము చెప్పుదుము.

4. పటము పుస్తకమైన తీరు

ఇటీవలి కాలమున భారతదేశమున వెలువడిన ఉత్తమ చిత్రకథలలో కొన్ని మన పటమునకు చుట్టములే. బెంగాలు పటువాలు మన కూనపులివారివలె పటమును విప్పుచు పాడువారు. ఆ కులమునకు చెందిన మొయినా చిత్రకర్ బొమ్మలతో, సంహిత ఆర్ణి రచనతో 'సీతాస్ రామాయణ' 2011లో చెన్నైలోని తారా బుక్స్ ద్వారా వెలువడినది. ఇందు కథను చెప్పునది సీత. ఊర్మిళాదేవి నిద్ర మున్నగు స్త్రీల రామాయణపు పాటలను పాఠ్యముగా చదువు తెలుగు విద్యార్థికి ఈ దృష్టి అపరిచితము కాదు. పక్కపక్కన పెట్టి చదివినచో రెండింటికిని వెలుగు కలుగును. అదే సంస్థ 2010లో ప్రచురించిన 'ఐ సీ ద ప్రామిస్డ్ ల్యాండ్' మార్టిన్ లూథర్ కింగ్ జీవితకథ. ఆర్థర్ ఫ్లవర్స్ అను ఆఫ్రికన్ అమెరికన్ కథకుడు మాటలు కూర్పగా, మను చిత్రకర్ అను పటువా బొమ్మలు వేసెను. రెండు ఖండముల మౌఖిక సంప్రదాయములు ఒక పుటమీద కలిసికొన్న అపూర్వ సన్నివేశమిది.

2011లోనే నవయాన ప్రచురించిన 'భీమాయన' అంబేడ్కర్ జీవితచిత్రము. శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ రచించిన ఈ గ్రంథమునకు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అను పరధాన్ గోండు దంపతులు బొమ్మలు వేసిరి. పరధానులు గోండులకు వంశగాథలు పాడు గాయకులు. అనగా ఇచటను మన పటకథకులవంటివారే కుంచె పట్టిరి. ఈ చిత్రకారులు పుటను చదరపు గడులుగా కోయుటకు ఇష్టపడలేదు. తమ యిండ్ల గోడలపై వేయు దిగ్నా ముగ్గులతో పుటను విభజించిరి. మృదువుగ పలుకువారి మాటలకు పక్షి యాకారపు బుడగలను, విషము గ్రక్కు మాటలకు తేలుకొండి గల బుడగలను అమర్చిరి. కథకుని కంఠస్వరము పుటలోనికి చేరుట యన నెట్టిదో ఇంతకంటె చక్కగా చూపు నుదాహరణము మాకు దొరకలేదు.

ఈ గ్రంథమునకు మూలాధారమైన అంబేడ్కర్ రచన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో 1934 నాటి దౌలతాబాదు ఉదంతము గలదు. కోట చూడబోయిన అంబేడ్కర్ బృందము అచటి చెఱువు నీటితో ముఖములు కడుగుకొనినందుకు అవమానము పొందినది. దౌలతాబాదు నాడు నిజాము రాజ్యములోనిది. మేడ్చల్ తాలూకాకును ఆ కోటకును ప్రభువు ఒక్కడే. కనుక ఇది మన విద్యార్థులకు పరదేశపు కథ కాదు.

ఓరిజిత్ సేన్ రచించి గీసిన 'రివర్ ఆఫ్ స్టోరీస్' 1994లో వెలువడినది. భారతీయ గ్రాఫిక్ నవలలలో మొదటిదిగా పలువురు దీనిని పేర్కొందురు. నర్మదా ఆనకట్ట నేపథ్యమున ఒక పత్రికారచయిత ప్రయాణమును, ఒక ఆదివాసి గాయకుని సృష్టిగాథను రెండు తంత్రులుగా పెనవేసినాడు. గాయకుడు పాడునప్పుడు గీతయే మాఱును. పుస్తకము చిరకాలము దొరకక, 2022లో చెన్నైలోని బ్లాఫ్ట్ సంస్థ పునర్ముద్రణముతో మరల వెలుగు చూచినది. శ్రీశైలము జలాశయమున ఊళ్లు మునిగిన చరిత్ర నెఱిగిన తెలుగువారు దీనిని తమ కథగా చదువగలరు.

దేశాంతరములనుండి రెండింటిని మాత్రము చేర్చుచున్నాము. అమెరికాలో ఆర్ట్ స్పీగెల్‌మన్ రచించిన 'మౌస్' రెండు సంపుటములు 1986లోను 1991లోను వెలువడినవి. దానికి 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారము లభించినది. నాజీల మారణకాండనుండి బయటపడిన తండ్రి నోట కథను విని కుమారుడు చిత్రించుట ఇందలి ఏర్పాటు. యూదులు ఎలుకలుగను, నాజీలు పిల్లులుగను కనిపింతురు. చెప్పువాడును వినువాడును ఇరువురును గడులలో కూర్చుండి మనకు కనబడుదురు. కథకుడు పటము ప్రక్కనుండి పటములోనికి నడచివచ్చిన దృశ్యము ఇదియే. మార్జాన్ సత్రాపి ఫ్రెంచి భాషలో 2000-2003 నడుమ నాలుగు సంపుటములుగా ప్రచురించిన 'పర్సెపొలిస్' 1979 నాటి ఇరాను విప్లవమును ఒక బాలిక కన్నులతో చూపును. రంగులు లేవు, నలుపు తెలుపులే. మాట తగ్గిన కొలది గడి బరువెక్కుట ఇందు చూడదగినది.

5. ఒక ఆక్షేపము

బొమ్మల పుస్తకములు చదివించినచో విద్యార్థులు మాటకు దూరమగుదురని శంకించువారు మనలో గలరు. ఈ శంక కొత్తది గాదు. 1954లో అమెరికాలో ఫ్రెడరిక్ వెర్దమ్ అను వైద్యుడు కామిక్సులు బాలురను చెఱచుచున్నవని గ్రంథము వ్రాసెను. ఆ యేటనే సెనేటు ఉపసంఘము విచారణ జరిపినది. ప్రచురణకర్తలు తమపై తామే ఒక నియమావళిని విధించుకొనిరి. దాని ఫలితముగా అచట పెద్దల చిత్రకథ చాలకాలము అణగిపోయినది. దానినుండి తేరుకొన్న తరువాతనే మౌస్ వంటివి సాధ్యమైనవి.

మన శాఖల చరిత్రయు ఇట్టి పాఠమునే చెప్పును. జానపదగేయములు విశ్వవిద్యాలయమునకు తగునా యని సందేహించు రోజులలో బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపదగేయసాహిత్యముపై ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధించి 1956లో డాక్టరు పట్టము పొందిరి. నేడు జానపదవిజ్ఞానము లేని తెలుగుశాఖను ఊహింపలేము. నాడు పాటకు తెఱచిన తలుపు నేడు పటమునకు మూయుట న్యాయము కాదు. పటకథలను సేకరించిన పరిశోధకులు సైతము తఱచు పాటను కాగితముపై వ్రాసికొనిరి. గడిని కొలిచి, ఏ గడియెదుట ఏ మాట వచ్చినదో గుర్తించుట తక్కువ. ఫలితముగా మాట సాహిత్యశాఖకు, బొమ్మ కళాశాలకు పంచుకొనబడి, రెండింటి కలయిక ఎవ్వరికిని కాకుండ పోయినది.

మాటకు దూరమగుదురను భయమునకు సమాధానము చిత్రకథాపఠనమునందే గలదు. ఒక గడిని చూచి, బుడగలో లేనిదానిని తెలుగులో చెప్పుమని విద్యార్థి నడిగిన ఉపాధ్యాయుడు వానిని కూనపులి కథకుని స్థానమున నిలుపుచున్నాడు. మాట అచటనే పుట్టును.

6. పఠనక్రమము

ఇక మిత్రులు కోరిన పట్టిక. దీనిని మూడు మెట్లుగా కూర్చుచున్నాము.

ఉన్నత పాఠశాలలోని వారికి: మొదట చేర్యాల పటమును, సాధ్యమైనచో చిత్రకారుల యింటనే, లేనిచో ప్రదర్శనశాలలో చూపవలయును. పిమ్మట చందమామ పాత సంచికలనుండి ఒక ధారావాహికను, బుడుగును, బుజ్జాయి పంచతంత్రమును చదివింపవలయును. అమర చిత్రకథలో కృష్ణదేవరాయల సంఖ్యను ఇచ్చి, బొమ్మయు మాటయు ఒకదానినే రెండుమార్లు చెప్పిన తావులను గుర్తింపుమనవలయును. ఈ అభ్యాసము విమర్శకు అక్షరాభ్యాసము.

కళాశాల విద్యార్థులకు: భీమాయన, సీతాస్ రామాయణ, రివర్ ఆఫ్ స్టోరీస్. ఈ మూడింటిలోను పాటగాడో కథకుడో కుంచెపట్టినవాడుగనో పాత్రగనో ఉండుట గమనింపవలయును. ఆంగ్లమున చదివి, ఒక్కొక్క పుటను తెలుగున చెప్పుట మేలైన అభ్యాసము. బుడగలో ఇమిడిన ఆంగ్లవాక్యము తెలుగులో ఇముడునా, ఇముడకున్నచో ఏమి విడువవలయును అను చిక్కు ఏర్పడినప్పుడే మన భాష కొలతలు మనకు తెలియును.

పరిశోధకులకును ఉపాధ్యాయులకును: మౌస్, పర్సెపొలిస్, ఐ సీ ద ప్రామిస్డ్ ల్యాండ్. వీనితోపాటు ఫూలే గులామ్‌గిరి ఆధారముగా శ్రీవిద్య నటరాజన్, అపరాజితా నినన్ 2011లో వెలువరించిన 'ఎ గార్డెనర్ ఇన్ ద వేస్ట్‌లాండ్'. దీనిని మన కులపురాణములతో కలిపి చదువవలయును. సృష్టిగాథను ప్రశ్నించు గ్రంథమును, సృష్టిగాథనే తమకు అనుకూలముగ మలచుకొన్న పటమును ఎదురెదురుగ నిలిపినచో తగిన పరిశోధనాంశము దొరకును.

పట్టిక ఇంతటితో ముగియవచ్చును. కాని దానిలో ఒక స్థానము ఖాళీగ నున్నది. పటువాల పటము పుస్తకమైనది. పరధానుల గోడచిత్రము పుస్తకమైనది. తెలంగాణపు పటము గోడకెక్కినది. చేర్యాల చిత్రమునకు భౌగోళిక గుర్తింపు లభించినది, అంగళ్లలో ఆదరము పెరిగినది, చిత్రకారునికి జీవిక దొరకినది. ఇవి సంతోషింపదగినవే. కాని కొనువారు కోరునది ఎక్కువగా ఒక్క గడి. ముప్పది యడుగుల పటమును వేయించుకొను కథకులు తగ్గిపోయిరి. గడి యింటికి వచ్చినది, కథ దారిలో నిలిచిపోయినది. పటము కథకుడు లేనిదే మూగదని పైన చెప్పితిమి. కథకుడు లేని కాలమున చుట్టను విప్పినను వినబడునది ఏమియు నుండదు.

అందుచేత మేడ్చల్ మిత్రులకు మా మనవి యిది. మేమిచ్చిన పుస్తకములను చదివింపుడు. చదివిన విద్యార్థిని బోడుప్పల్‌లోని చిత్రకారుని కడకును, ఇంకను కథ చెప్పగల కూనపులి, కాకిపడగల, డక్కలి పెద్దల కడకును పంపుడు. ఏ గడియెదుట ఏ మాట వచ్చినదో, ఎచట కథకుడు ఆగినాడో, ఎచట కఱ్ఱను వెనుకకు త్రిప్పినాడో వ్రాసికొనుమనుడు. ఒక్క పటమునకైనను అట్టి వ్రాత పూర్తియైన నాడు, దానిని పుటలుగా కూర్చుటకు తెలుగు చిత్రకారులు కొఱవడరు. పట్టికలోని ఖాళీస్థానమున మన పుస్తకము పేరు వ్రాయుట అప్పుడు సాధ్యమగును. అంతవరకు ఆ స్థానమును ఖాళీగనే యుంచి ఈ పట్టికను మీచేతి కిచ్చుచున్నాము.